కూలి లేని పని

సేంద్రియ పొలాల్లో వాలంటీర్లుగా పనిచేస్తూ దేశాలు తిరిగేవాళ్ల కథనాలు ఈమధ్య తెలుగులో కూడా కనిపిస్తున్నాయి. పద్ధతి చాలా సులువు. రోజుకు 4 నుంచి 6 గంటలు ఆ పొలంలో కలుపు తీయడమో, కాయ కోయడమో, మేకల్ని చూసుకోవడమో చేస్తే, తిండీ పడకా పొలంవాళ్లే ఇస్తారు. డబ్బు ప్రసక్తి ఇద్దరి మధ్యా రాదు. దీన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసిన సంస్థను పొడి అక్షరాల్లో ‘వూఫ్’ అంటారు. ఇప్పుడది వందకు పైగా దేశాల్లో ఉంది. దాని చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది దాని పేరే.

1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కొపార్డ్ అనే ఆవిడ, నగరంలో ఊపిరాడక, వారాంతాల్లో పల్లెకు వెళ్లే దారి వెతుక్కుంది. పల్లెలో ఆవిడకు పొలం లేదు, చుట్టాలు లేరు. ససెక్స్‌లో ఎమర్సన్ కాలేజీకి ఒక సేంద్రియ పొలం ఉండేది. నలుగురు మనుషులు ఒక వారాంతం అక్కడికి వెళ్లి పనిచేసి వచ్చారు. అలా మొదలైంది. అప్పటి పేరు ‘వర్కింగ్ వీకెండ్స్ ఆన్ ఆర్గానిక్ ఫార్మ్స్’. తర్వాత జనం వారాంతం దాటి వారాలూ నెలలూ ఉండిపోతుంటే ‘విల్లింగ్ వర్కర్స్’ అయింది, అంటే ఇష్టపడి పనిచేసేవాళ్లు. 2000 ప్రాంతంలో మళ్లీ మారింది. ఈసారి ‘వరల్డ్ వైడ్ ఆపర్చునిటీస్’. పొడి అక్షరాలు అవే, లోపలి మాటలు వేరు. ‘వర్కర్’ అన్న మాట ఉండటంతో వలస అధికారులు వీళ్లను కూలి పనికి వచ్చిన పరదేశీలుగా లెక్కేస్తున్నారు, వర్క్ పర్మిట్ ఏదని అడుగుతున్నారు. అందుకని పని పోయి, అవకాశం వచ్చింది. పొలంలో కలుపు మాత్రం ఎప్పటిలాగే మొలుస్తోంది, ఎవరో ఒకరు వంగి తీస్తున్నారు.

సాఫ్ట్‌వేర్‌లో మేం కూడా ఇలాంటిది చేస్తుంటాం. లోపల కోడ్ ముట్టుకోకుండా పైన పేరు మారుస్తాం. కానీ మనుషుల పనికి పేరు మార్చినప్పుడు దాని వెనక ఏదో ఒక తగువు ఉంటుంది. ఇక్కడి తగువు ఏమిటంటే, కూలి తీసుకోకుండా ఒకరి పొలంలో మరొకరు పనిచేస్తే దాన్ని ఏమనాలి? సెలవా, చదువా, సాయమా, దోపిడీయా?

మా నాన్న సీతంపేట దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో పంతులుగా చేశారు. నా చిన్నతనమంతా ఆ కొండల కిందే. అందుకే ఈ ప్రశ్న నాకు ససెక్స్ నుంచి కాక సీతంపేట వైపు నుంచి వినిపిస్తుంది. ఎందుకంటే కూలి లేని పనికి ఆ కొండల్లో చాలా పాత చరిత్ర ఉంది, అదీ ఒకటి కాదు, రెండు. ఒకటి తలుచుకుంటే సంతోషం వేస్తుంది. రెండోది తలుచుకుంటే నోరు చేదవుతుంది.

కొండ మీద బదులు

సీతంపేట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా. చుట్టూ కొండల్లో ఎక్కువగా ఉండేది సవరలు. సంతరోజున కావళ్లలో పనసకాయలూ, అనాసపళ్లూ, కొండచీపుర్లూ, పసుపూ, అడ్డాకులూ దిగుతాయి. జీడితోటలు ఆ తర్వాత వచ్చినవి. వాటికి ముందు కొండవాలంతా పోడు. చోడి, సామ, కొర్ర, జొన్న, కంది, బొబ్బర, ఇవన్నీ ఒకే చెక్కలో కలిపి చల్లేవాళ్లు. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుందని. కొన్నిచోట్ల వాగు వెంట రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా వరిమడులు కట్టారు. సవరల ఈ రాతిమెట్ల సేద్యాన్ని బయటినుంచి వచ్చి చూసిన వాళ్లందరూ మెచ్చుకున్నారు. సవరల మతం మీద 1955లో పెద్ద గ్రంథం ప్రచురించిన వెరియర్ ఎల్విన్ కూడా అందులో ఉన్నాడు.

కొండవాలు మీద పోడు కొట్టడం, రాతిగట్టు కట్టడం ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. ఒక ఇంటివాళ్లు కబురు పెడతారు. ఇంటికొకరు కత్తో, బొరిగో పట్టుకుని కొండెక్కుతారు. ఆరోజు అందరికీ అంబలి, కూర, జీలుగు కల్లు ఆ ఇంటివాళ్లవి. కూలి మాట ఉండదు. మరోరోజు ఈ ఇంటివాళ్లు ఆ ఇంటికి వెళ్తారు. మైదానంలో కూడా ఊడ్పులకీ, కోతలకీ ఇలా ‘బదులు’కు వెళ్లడం మన తాతల తరం వరకూ మామూలే. చేబదులు అంటే చేతికి తీసుకున్న అప్పు కదా. ఇక్కడ చేతినే అప్పుగా ఇచ్చి, మళ్లీ చేతినే తీసుకుంటారు. లెక్క ఎవరూ రాయరు, ఎవరూ మర్చిపోరు.

వూఫ్ పద్ధతిని సవర ముసలాయనకు వివరిస్తే ఆయనకు ఇదే గుర్తొస్తుంది: పని చేశారు, అన్నం పెట్టారు, అంతే కదా. కానీ వెంటనే ఇంకో ప్రశ్న అడుగుతాడు. వాళ్లు మళ్లీ నీ పొలానికి ఎప్పుడొస్తారు?

వెట్టి, గొత్తి

రెండో చరిత్ర ఇది. కొండ కింద నుంచి అధికారి పైకి వస్తే ఆయన సామాను మోయాలి. దారి వేయాలి. కట్టెలు కొట్టాలి. కూలి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. దాని పేరు వెట్టి. సీతంపేటకు నైరుతి దిక్కున, విశాఖ మన్యంలో, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి పైకి వేయించిన రోడ్డు పనుల్లో గిరిజనులకు న్యాయమైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకోవడం, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మొదలైన తిరుగుబాటుకు దగ్గరి కారణాల్లో ఒకటి. ఆ తిరుగుబాటును మనం తుపాకుల కథగా చెప్పుకుంటాం. అది కూలి లేని పని కథ కూడా.

వెట్టి సర్కారుకు చేసేదైతే, గొత్తి షావుకారుకు చేసేది. పెళ్లికో, చావుకో, దున్నపోతుకో నాలుగు రూపాయలు అప్పు తీసుకున్నవాడు, తీర్చేదాకా ఆ ఇంట పనిచేయాలి. పని వడ్డీ కిందికే చాలదు. అసలు అలాగే ఉంటుంది, తండ్రి తర్వాత కొడుకు వస్తాడు. వాడికీ తిండి పెడతారు, పడుకోవడానికి పశువులశాలలో చోటిస్తారు. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ, ఒప్పందం పైపై రూపం మాత్రం అదే: పొలంలో పని, బదులుగా తిండీ పడకా.

దీన్ని ప్రభుత్వాలు గుర్తించకపోలేదు. 1917లో వచ్చిన ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం వడ్డీకి హద్దు పెట్టింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి బయటివాళ్ల చేతికి పోకూడదంది. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో అప్పు వెట్టిని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. స్వతంత్రం వచ్చిన 29 ఏళ్లకు, 1976లో, దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం కావలసివచ్చింది. ఒకే దురాచారాన్ని ఇన్నిసార్లు రద్దు చేయాల్సి వచ్చిందంటే, ప్రతిసారీ అది ఎంత రద్దయిందో అర్థమవుతుంది.

ఈ చట్టాల మధ్యకాలంలోనే శ్రీకాకుళం కొండల్లో గిరిజన సంఘం పుట్టింది. 1950ల చివర్లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్లు దానికి ముఖ్యులు. వాళ్ల తొలి కోరికల జాబితాలో రాజ్యాధికారం లేదు. వెట్టి పోవాలి, పాలేర్ల కూలి పెరగాలి, అప్పులు రద్దవ్వాలి, పోడు భూమి నిలవాలి. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపాక ఆ ఉద్యమం తుపాకీ పట్టింది. 1970 జూలైలో సత్యం, కైలాసం ఇద్దరూ చనిపోయారు. అదే ఏడాది షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని పూర్తిగా నిషేధించే రెగ్యులేషన్ వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే స్యూ కొపార్డ్ తన మొదటి వారాంతానికి నలుగుర్ని పోగేసింది. రెంటికీ సంబంధం ఏమీ లేదు. కానీ కూలి లేకుండా పొలంలో వంగడం ఒకచోట సరదాగా మొదలైన రోజులకీ, ఇంకోచోట దాన్ని పోగొట్టడానికి జనం ప్రాణాలిచ్చిన రోజులకీ మధ్య అంతే దూరం.

కొండ దిగితే సాహిత్యంలోనూ ఇదే. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ శ్రీకాకుళం మైదానపు ఊరి కథ. అప్పల్రాముడు షావుకారు గోపన్నకు పడ్డ బాకీ మీద పంచాయితీ జరుగుతుంది. పెద్దమనుషులు అందరూ న్యాయంగానే మాట్లాడతారు. ఆ న్యాయం ప్రకారం అప్పు తీరాలంటే ఇంటిల్లిపాదీ కంబారులుగా బతకాలి. చివరికి అప్పల్రాముడి కొడుకు తన బిడ్డను తానే చంపుకుంటాడు. ఆ ముగింపు అతిగా ఉందని ఇప్పటికీ వాదించేవాళ్లు ఉన్నారు. గొత్తి చరిత్ర పక్కన పెట్టుకుని చదివితే, కథకుడు పెంచి రాసింది ఏమీ లేదనిపిస్తుంది. అప్పు కొడుక్కి వారసత్వంగా వస్తుందని అందరికీ తెలిసిన చోట, కొడుకును కనడమంటే షావుకారుకు ఇంకో కంబారిని కనివ్వడమే.

సముద్రం దాటిన పొలం పనివాళ్లు

పరదేశం వెళ్లి పొలంలో పనిచేయడం అన్న మాట వినగానే ఇవాళ మనకు వీపున బ్యాగు తగిలించుకున్న కుర్రాళ్లు గుర్తొస్తారు. తెలుగువాళ్ల చరిత్రలో ఆ మాటకు మొదటి అర్థం వేరు.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దర్బన్ చేరింది. చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లిన మొదటి కూలీలు అందులో ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1911 వరకూ అలా వెళ్లినవాళ్లు సుమారు 1,52,000 మంది. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆపైన ఉచితంగా తిండీ, ఉండటానికి చోటూ, వైద్యమూ. ఇంగ్లీషు ‘అగ్రిమెంట్’ జనం నోట ‘గిర్మిట్’ అయింది. చెప్పకుండా తోట దాటితే జైలు. మారిషస్‌లోనూ, బర్మాలోనూ తెలుగువాళ్లకు ‘కొరంగీలు’ అని పేరు వచ్చింది, కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వరికోతలకు రంగూన్ వెళ్లి, కోతలయ్యాక తిరిగొచ్చిన కుటుంబాలు మా వైపు ఎన్నో.

సవరలు సముద్రం దాటలేదు కానీ, అస్సాం దాటారు. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచీ టీతోటల దళారులు ఈ కొండలు ఎక్కారు. సవరల సంతతి ఇప్పటికీ అస్సాం టీతోటల్లో ఉంది. అప్పట్లో అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని జైలుకు పంపే చట్టం ఉండేది. 1859లో వచ్చిన ఆ చట్టం 1925 దాకా రద్దు కాలేదు. అంటే సీతంపేట కొండల నుంచి దూరదేశపు తోటకు పనికి వెళ్లిన తొలి ప్రయాణికుడి చేతిలో రిటర్న్ టికెట్ లేదు. వేలిముద్ర వేసిన కాగితం ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గిర్మిటియాకు కూలి ఉంది. టీతోట కూలీకీ ఉంది. అయినా వాళ్లను స్వేచ్ఛగా పనిచేసేవాళ్లని ఎవరూ అనలేరు. కొండ మీద బదులుకు వెళ్లినవాడికి కూలి లేదు. అతన్ని బానిస అని ఎవరూ అనరు. కాబట్టి కూలి ఉందా లేదా అన్నది అసలు గీత కాదు.

అదే నేటాల్‌లో, అవే చెరకుతోటల పక్కన, ఇంకో రకం ప్రయత్నం జరిగింది. 1904లో గాంధీ దర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో పొలం కొన్నాడు. రస్కిన్ పుస్తకం చదివి, లాయరు పనికీ మంగలి పనికీ విలువ ఒకటేనని నమ్మాడు. అక్కడ అందరికీ నెలకు మూడు పౌండ్లే అని లెక్క పెట్టాడు. 1910లో జొహాన్నెస్‌బర్గ్ దగ్గర హెర్మన్ కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల్లో టాల్‌స్టాయ్ ఫార్మ్ మొదలైంది. సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్లినవాళ్ల కుటుంబాలు అందులో ఉండేవి. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివాళ్లతో పాటు ఆంధ్రులూ అక్కడ ఉన్నారని గాంధీయే రాశాడు. నౌకర్లు లేరు. దొడ్లు శుభ్రం చేయడం నుంచి చెప్పులు కుట్టడం దాకా ఎవరికి వాళ్లే. చదువుకున్నవాడు మట్టిలో చేతులు పెట్టడం గొప్పతనమని మొదట అనిపించింది వాళ్లకే అనను. కానీ ఇష్టపడి వంగినవాడికీ, గిర్మిట్ మీద వంగినవాడికీ మధ్య తేడా అంత దగ్గరగా, ఒకే దేశంలో, ఒకే జాతి మనుషుల మధ్య కనబడిన సందర్భం ఇంకొకటి నాకు తట్టడం లేదు.

అవతలి పొలం

నేను జర్మనీలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక వేసవిలో రెండు వారాలు సెలవు పెట్టి, దక్షిణ ఫ్రాన్సులో ఒక చిన్న సేంద్రియ పొలంలో ఉన్నాను. పొలంవాళ్లు అరవై దాటిన దంపతులు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పన్నెండు దాకా పని. టమాటాలకు ఊతకర్రలు కట్టడం, ఉల్లి మళ్లలో కలుపు తీయడం, కంపోస్టు తిరగేయడం. మధ్యాహ్నం వాళ్లతో కలిసి భోజనం. నేను తీసిన ఒక వరుసకు ఆ పెద్దావిడ మూడు వరుసలు తీసేది.

అమ్మకు ఫోన్లో చెబితే, మాటల్లో మైదానమంతా వచ్చేసింది. “టిక్కెట్టుకు డబ్బులెట్టి ఆళ్ల మడిలో కలుపు తీత్తన్నావేటిరా? ఇక్కడ మన జీడితోటకి మనిషి దొరక్క మీ నాన్న సస్తన్నారు!” నేను నవ్వాను. తర్వాత చాలాసేపు ఆ మాట గురించే ఆలోచించాను. అమ్మ చిన్నప్పుడు కూలికి వెళ్లింది. ఆవిడకు కలుపు తీత అంటే వదిలించుకోవాల్సినది. చదువు ఉన్నదే అందుకు. నాకు అది సెలవు కాలక్షేపం కావడానికి వెనక, ఆవిడ వంగిన నడుము ఉంది.

ఆ ఊళ్లోనే పక్కన పండ్లతోటల్లో మొరాకో నుంచి సీజను పనికి వచ్చినవాళ్లు కనిపించేవాళ్లు. వాళ్లకు కూలి ఉంది, చట్టం ఉంది. కానీ వాళ్ల కాంట్రాక్టు ఒక యజమానికి కట్టి ఉంటుంది. యజమాని నచ్చకపోతే పక్క తోటకు మారడం కుదరదు. నాకు కూలి లేదు. కానీ నచ్చకపోతే మర్నాడే రైలెక్కొచ్చు. మా ఇద్దరిలో ఎవరి పరిస్థితి మెరుగో చెప్పడానికి ఆలోచించనవసరం లేదు.

ఈ గొడవ చట్టాల దాకా వెళ్లింది కూడా. ఆస్ట్రేలియాలో వర్కింగ్ హాలిడే వీసా మీద వెళ్లిన యువత, రెండో ఏడాది వీసా కావాలంటే 88 రోజులు పల్లెల్లో పనిచేయాలి. చాలాకాలం జీతం లేని వూఫ్ పని కూడా ఆ లెక్కలోకి వచ్చేది. 88 రోజుల సంతకం పొలంవాడి చేతిలో ఉన్నప్పుడు వాలంటీరుకు వెళ్లిపోయే స్వేచ్ఛ ఎక్కడిది? ఆ సంతకం కోసం వేధింపులు భరించినవాళ్ల కథలు బయటికొచ్చాక, 2015లో ప్రభుత్వం కూలి ఇచ్చిన పనే లెక్కలోకి వస్తుందని నిబంధన మార్చింది. చూడండి, అదే పొలం, అదే కలుపు, అదే తిండీ పడకా. వీసా సంతకం మధ్యలోకి రాగానే సెలవు కాస్తా వెట్టి వాసన కొట్టింది.

కూలి లేని పనిని తూచడానికి నాకు మూడు ప్రశ్నలు తోస్తున్నాయి. ఒకటి, పనిచేసేవాడు రేపు పొద్దున మానేసి వెళ్లిపోవచ్చా? రెండు, చేసినదానికి బదులు ఏదో ఒక రూపంలో, పనిగానో, విద్యగానో, తిరిగొస్తుందా? మూడు, ఎవరి నేల, ఎవరి పంట?

వెట్టి, గొత్తి మూడింటిలోనూ ఓడిపోతాయి. గిర్మిట్‌కు కూలి ఉన్నా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. కొండ మీద బదులు పనిలో మొదటి ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. పిలిస్తే వెళ్లని ఇంటిని ఊరు ఊరికే వదలదు. కానీ రెండో, మూడో ప్రశ్నలకు దాని జవాబు గట్టిది: చెయ్యి తిరిగొస్తుంది, పోడు ఎవరిది వాళ్లదే. వూఫ్ మొదటి ప్రశ్నలో నెగ్గుతుంది. మూడోదాంట్లో నేల పొలంవాళ్లదే, దాచేదేమీ లేదు. మొత్తం బరువంతా రెండో ప్రశ్న మీద పడుతుంది. వాలంటీరు చెమట ఇచ్చి విద్య తీసుకుంటున్నాడు. అయితే ఆ విద్య ఎవరిది?

గురుదక్షిణ

ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు 1905లో బీహార్‌లోని పూసాకు వచ్చాడు. ఇక్కడి రైతుల్నీ, పంటల్ని తినే పురుగుల్నీ తన ప్రొఫెసర్లుగా పెట్టుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసి కంపోస్టు తయారీకి ఒక పద్ధతి తీర్చిదిద్దాడు. 1940లో ‘ఏన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్’ రాశాడు. ఆ ఆలోచనల ప్రేరణతో 1946లో ఇంగ్లండులో సాయిల్ అసోసియేషన్ పుట్టింది. 1971లో కొపార్డ్‌ను ఆకర్షించిన సేంద్రియ వ్యవసాయపు మూలాల్లో అదొక పెద్ద వేరు. అంటే ఫ్రాన్సులో నేను తిరగేసిన కంపోస్టు కుప్ప ఎక్కడో ఒకచోట ఇండోర్ దాకా, అక్కడ పేరు లేని రైతుల దాకా వెళ్తుంది. హోవార్డ్‌కు సర్ బిరుదు వచ్చింది. ఆయన ప్రొఫెసర్లకు ఏమొచ్చిందో చరిత్రలో ఎక్కడా కనబడదు.

ఇప్పుడు ఆ చదువు తిరుగు ప్రయాణంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం ప్రభుత్వ కార్యక్రమంగా నడుస్తోంది. రకరకాల గింజలు కలిపి చల్లి నేలను ఏడాది పొడవునా పచ్చగా ఉంచమని రైతులకు శిక్షణలో చెబుతారు. పోడులో చోడీ సామా కందీ కలిపి చల్లిన సవర అవ్వకు ఇది కొత్తేమీ కాదు. అరకు కాఫీ పారిస్‌లో దుకాణం తెరిచింది. కొండల్లో హోమ్ స్టేలు వస్తున్నాయి. ఇవాళో రేపో సీతంపేట అనాసతోటలోనూ ఒక విదేశీ కుర్రాడో, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ అమ్మాయో బొరిగి పట్టుకుని నిలబడతారు. రావాలనే నా కోరిక. కానీ వాళ్లు వచ్చేటప్పుడు ఏ చరిత్ర ఉన్న నేల మీద కాలు పెడుతున్నారో తెలిసి రావాలి. కూలి లేని పని అన్న మాటను ఈ కొండ ఇంకా మర్చిపోలేదు.

అంతకన్నా ముఖ్యం, ఎవరు ఎవరికి బాకీ అన్న లెక్క ముందే సరిచూసుకోవాలి. పది రోజులు వచ్చిన కొత్తవాడు పొలానికి చేసే సాయం తక్కువ, పొలంవాళ్లు అతనికి నేర్పడానికి పెట్టే సమయం ఎక్కువ. ఫ్రాన్సు పెద్దావిడ నా వల్ల ఎంత లాభపడిందో నాకు తెలుసు: ఒక వరుసకు మూడు వరుసల లెక్కన. అక్కడ సరే, ఆవిడకు ఇల్లూ, పింఛనూ, అమ్ముకోవడానికి ధర పలికే సంతా ఉన్నాయి. సీతంపేట సంతలో సవర మహిళ కావడి దించగానే దళారి ధర చెబుతాడు. పళ్లు తిరిగి కొండెక్కించలేదు కాబట్టి ఆ ధరకే ఒప్పుకుంటుంది. ఆవిడ దగ్గరికి తిండీ పడకా ఉచితంగా అడుగుతూ వెళ్లడం బదులు అనిపించుకోదు. ఆ కొండ మీద ఒప్పందం తిరగబడాలి. నేర్చుకోవడానికి వచ్చినవాడు పనీ చేయాలి, ఫీజూ కట్టాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. ఈ కొండల అంచునే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి బడిపంతులుగా ఉన్న రోజుల్లో సవర భాష నేర్చుకోవాలనుకున్నాడు. పుస్తకాలు లేవు, నిఘంటువు లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, అతని దగ్గర నేర్చుకున్నాడు. తిండీ పడకా ఇక్కడా ఉన్నాయి. కానీ ఇచ్చింది నేర్చుకునేవాడు, పుచ్చుకున్నది నేర్పేవాడు. ఆ తర్వాత సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చాడు. ఏళ్ల తరబడి చేసిన ఆ పనిలోంచి 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి.

రామమూర్తిని మనం వాడుకభాష కోసం పోరాడినవాడిగా తలుచుకుంటాం, ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. నాకు మాత్రం సవర దగ్గర ఆయన కట్టిన ఆ ఫీజు అంతకంటే పెద్దదిగా కనిపిస్తుంది. కొండ నుంచి విద్య తీసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. తీసుకున్నదానికి బదులు ఇచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.